పని దూరమైన లాలాపేట

లండను చుట్టునున్న పల్లెలెన్నో రైలు వచ్చిన పిదప నగరోద్యోగుల నివాసములైనవి. లాలాపేట చరిత్ర ఇందుకు తలక్రిందులు. ఇక్కడ రైలు మొదట పనినే ఊరి చెంతకు తెచ్చినది. 1893లో లాలాగూడలో నిజాము రైల్వే కర్మాగారము వెలసినది. కార్మికుడు కాలినడకనే పనికి పోగలిగెను. మరొక ప్రక్క ఉస్మానియా విశ్వవిద్యాలయము పెరిగి, 1939లో ఆర్ట్సు కళాశాల భవనము ప్రారంభమైనది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ తార్నాకలో స్థిరపడినది. మేస్త్రీ, గుమాస్తా, ఆచార్యుడు ఒకే బజారులో కూరలు బేరమాడుచు ఎదురుపడెడివారు. ఊరనగా అదియే గదా!

2017 నవంబరులో తార్నాకకు మెట్రో వచ్చినది. 2019లో ఆ మార్గము హైటెక్ సిటీ దాటి రాయదుర్గము చేరినది. నాటి నుండి మా పూర్వవిద్యార్థులెందరో ఉదయమే రైలెక్కి, చీకటి పడిన పిదప దిగుచున్నారు. సంపాదన పెరిగినది, కాదనను. కాని తండ్రికి బిడ్డ చదువు తరగతి ఏదో తెలియును, ఉపాధ్యాయుని ముఖము తెలియదు. ఇందులో మన తప్పును కలదు. పనిదినమున పదకొండు గంటలకు తల్లిదండ్రులను సమావేశమునకు పిలిచి, రాలేదని నొచ్చుకొందుము. ఆ వేళకు ఆయన రాయదుర్గములో ఉండును. ఒకమారు ఆదివారము పిలిచి చూడరాదా?