ఆ రైలుకు ఈ ఊరి ఆకాశమే

నమూనా రైళ్లు కట్టేవాళ్లు పెట్టె మీది రివెట్లు లెక్కపెడతారు, స్లీపర్ల మధ్య ఎడం కొలుస్తారు, 1916 నాటి కాచిగూడ స్టేషన్ గుమ్మటం ఒంపు తేడా వస్తే నిద్రపోరు. వెనక గోడ దగ్గరికొచ్చేసరికి మాత్రం డబ్బాలో ఉన్న నీలం పూసి, నాలుగు తెల్ల మచ్చలు అద్ది చేతులు దులుపుకుంటారు. వెనక తెరలకు రంగులు వేసే మేము ఈ పద్ధతిని ఒప్పుకోం. రైలు వెనక వేసే ఆకాశం ఆ రైలు నడిచిన ఊరిదై ఉండాలి, ఆ నెలదై ఉండాలి, ఆ పూటదై ఉండాలి. మా ప్రణాళిక ఇంతే. తక్కినవన్నీ దాని వెంట వచ్చేవే.

ఆకాశం టేపుకు లొంగదు కాబట్టి ఎలా వేసినా చెల్లుతుందని కొందరి వాదన. లొంగని మాట నిజమే. ఒకటికి ఎనభై ఏడు లెక్కన కట్టిన పట్టాలకు 60 సెంటీమీటర్ల వెనక గోడ ఉంటే, అసలు కొలతలో అది 52 మీటర్ల దూరం. కిలోమీటరు ఎత్తున తేలే మబ్బును అదే లెక్కన వేలాడదీయాలంటే పదకొండున్నర మీటర్ల ఎత్తు గది కావాలి. అందుకే కంటి సాక్ష్యం మీదే ఆధారపడాలి, ఆ సాక్ష్యం చాలా కచ్చితమైనది. నడినెత్తిన నీలం ముదురుగా ఉంటుంది. కిందికి దిగేకొద్దీ మన చూపు ఎక్కువ గాలిని, ఎక్కువ దుమ్మును దాటాలి కనుక పాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో నేలను తాకేచోట నీలమే ఉండదు, తెలుపులో కాస్త పసుపుమట్టి కలిపిన రంగే. ఆవిరి దాదాపు ఒకే ఎత్తులో చల్లబడి మబ్బు కడుతుంది కాబట్టి ఎండపూట మబ్బుల అడుగులన్నీ చదునుగా ఒకే మట్టాన ఉంటాయి. దూరం పోయేకొద్దీ అవి చిన్నవై, ఒకదాని వెనక ఒకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి. గోడ మీద ఇది తప్పితే రైలు ఎంత బాగున్నా బల్ల మీది బొమ్మే.

ఈ చదువుకు మా బడి పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన ఈ వంతెన హైదరాబాద్ నగరం కంటే 13 ఏళ్లు పెద్దది. మూసీ పడమర నుంచి తూర్పుకు పారుతుంది కాబట్టి వంతెన మీద నిలబడితే చెరోపక్క చెరో ఆకాశం. సాయంత్రం అయిదింటికి ఎగువకు చూస్తే మబ్బు నడుమ బూడిదరంగు, అంచుకు మాత్రం వెండి జరీ. అక్కడే వెనక్కి తిరిగి దిగువకు చూస్తే మబ్బు ముఖమంతా వెలుగు, నీడ ఎక్కడో అడుగున పల్చగా. (మూసీ కంపు పడనివాళ్లు ముక్కు మూసుకునైనా పైకి చూడొచ్చు.) ఒకే పూట, ఒకే ఊరు, అయినా తెర తూర్పుదా పడమరదా అన్నదాన్ని బట్టి రంగులు మారాలి. ఇక మే రెండోవారంలో, ఆగస్టు మొదటివారంలో ఇక్కడి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. మబ్బుకు తల తెలుపు, అడుగు నలుపు, పక్కనీడ ఉండదు. లండన్‌లో నడివేసవి మధ్యాహ్నం కూడా సూర్యుడు 62 డిగ్రీలు దాటడు. అక్కడివాళ్లు చూసి వేసిన పక్కవాటు వెలుగు మబ్బును నకలు దించి మన మిట్టమధ్యాహ్నపు రైలు వెనక పెడితే, చూసేవాడు కారణం చెప్పలేకపోయినా తేడా పసిగడతాడు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను నమూనాగా కడుతూ వెనక తెల్లమబ్బులు తేలించడం మరీ పచ్చి అబద్ధం.

సురభివారి పరదాల్లో ఈ లెక్కలేవీ లేవు, జనం విరగబడి చూడలేదా అని అడుగుతారు. గట్టి ప్రశ్నే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలైన ఆ నాటకశాలలో పరదా మీద కోట, అడవి, వీధి రంగుల్లోనే ఉంటాయి, జనం ఒప్పుకుంటారు. అక్కడ తెర ముందు నిలబడేది పాట పాడే మనిషి. తీగ మీద దేవుడు దిగొచ్చే చోట నిజం అడిగేవాడెవడు? నమూనా రైలు అలా కాదు. ప్రతి రివెట్టుతో నేను నిజం అంటుంది. ముందున్నది అలా ఒట్టేశాక వెనకున్నది వేషం వేయకూడదు.

ఫొటో తీసి ఫ్లెక్సు మీద అచ్చేయిస్తే పోదా అన్నది ఇంకో మాట. ఖర్చు తక్కువే, కాదనం. కానీ ఫ్లెక్సు మెరుస్తుంది, దీపం పడగానే ఆకాశంలో బల్బు కనిపిస్తుంది. పైగా ఫొటోలోని సూర్యుడు ఒక పక్క, గదిలో దీపం ఇంకో పక్క ఉంటే రైలు నీడకూ మబ్బు నీడకూ పొత్తు కుదరదు. అందుకే మేం మెరుపులేని ఎమల్షనే వాడతాం, మూల కనబడకుండా తెరను గుండ్రంగా తిప్పుతాం, దీపం ఎక్కడో తెలిశాకే తడి స్పాంజి పడతాం. మబ్బు రైలును మింగేస్తుందేమో అనేవాళ్ల భయం సబబే కనుక అంచులు మెత్తగా ఉంచి, స్టేషన్ వెనక భాగాన్ని ఖాళీగా వదిలేస్తాం. ప్రతి తెర వెనక నెల, పూట, చూసిన దిక్కు రాస్తాం. ఒకే పట్టాల మీద వేసవీ వానాకాలమూ రెండూ నడపాలనుకునేవారికి రెండు తెరలు వేసి చుట్టి ఇస్తాం. పరదా మార్చే ఆ నేర్పు మాత్రం సురభివారి నుంచే తీసుకుంటాం.