గాలే కదా అనుకుంటే...

వంటింట్లో స్టవ్వు వెలిగించే ప్రతి ఇంటికీ ఒక సిలిండర్ తెలుసు. ఎర్రగా, బొద్దుగా, 14.2 కిలోల గ్యాసుతో వచ్చే బండ! ఆ బండను నింపి పంపే చోట మరో రకం సిలిండర్ ఉంటుంది. దాన్ని చూసినవాళ్లు మాత్రం తక్కువ. గుండ్రటి గొట్టం, అందులోంచి బయటికీ లోపలికీ కదిలే ఓ రాడ్డు... అంతే. పేరు న్యూమాటిక్ సిలిండర్. గాలితో పనిచేసే సిలిండర్ అన్నమాట. సిటీ బస్సు తలుపు ‘బుస్’మంటూ మూసుకునేది దీని బలంతోనే.

సూత్రం సైకిలు పంపుదే. కాకపోతే తిరగేసి! పంపులో రాడ్డు నొక్కితే గాలి బయటికొస్తుంది. ఇక్కడ గాలిని లోపలికి పంపితే రాడ్డు కదులుతుంది. కంప్రెసర్ నుంచి వచ్చే ఆ గాలి పీడనం సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 6 కిలోల దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేదానికి దాదాపు మూడు రెట్లు. గ్యాస్ ఫ్యాక్టరీలో వరసగా వచ్చే బండల్ని ఆపడం, పక్కకు నెట్టడం లాంటి పనులు దీనికే అప్పగిస్తారు. మందుల కంపెనీల్లో, రంగుల తయారీలో, పిండిమిల్లుల్లోనూ దీని వాడకం ఎక్కువే.

కరెంటు మోటారైతే నిప్పురవ్వ భయం. గాలికి ఆ బెడద లేదు కదా! అందుకే దీన్ని ఎంచుకుంటారు. ఆ మాట నిజమే. కానీ సగమే నిజం.

కరెంటు లేకున్నా నిప్పు

2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం, పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఓ చక్కెర కర్మాగారం పేలిపోయింది. 14 మంది చనిపోయారు. పేలింది గ్యాసు కాదు, మందుగుండు అసలే కాదు. కాఫీలో కలుపుకునే చక్కెర! నలుపక్కలా మూసేసిన కన్వేయరు లోపల దాని ధూళి పేరుకుంది. వేడెక్కిన ఓ బేరింగే దానికి నిప్పంటించి ఉంటుందని దర్యాప్తు సంస్థ అభిప్రాయపడింది. రాపిడి పుట్టించిన వేడి ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వంటగ్యాసు సంగతీ అంతే. గాలిలో అది సుమారు 2 శాతం చేరితే అంటుకోవడానికి సిద్ధం. అంటించడానికి కావలసిన శక్తి మిల్లీజౌలులో నాలుగో వంతు. పాలిస్టర్ చొక్కా విప్పి ఇనుప గొళ్లెం ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటుందే, ఆ చిన్న రవ్వలో అంతకంటే ఎక్కువ శక్తే ఉంటుంది.

ఇప్పుడు గాలి సిలిండర్ దగ్గరికి వద్దాం. రాడ్డు వేగంగా వచ్చి చివర్లో ఢీకొట్టకుండా లోపల గాలితోనే మెత్త లాంటి ఏర్పాటు ఉంటుంది. దాన్ని సరిచేయడానికి చిన్న స్క్రూ ఉంటుంది. పని తొందరగా కావాలని ఆ స్క్రూ వదులు చేశారో, పిస్టన్ ప్రతిసారీ మూతను గుద్దుతూనే ఉంటుంది. అల్యూమినియం వెళ్లి తుప్పుపట్టిన ఇనుముకు గట్టిగా తగిలితే మామూలు రవ్వకంటే వేడైన రవ్వ పుడుతుంది. బిగించేటప్పుడు రాడ్డు వంకరగా కూర్చుంటే సీలు ఒరుసుకుని వేడెక్కుతుంది. పైనున్న ప్లాస్టిక్ భాగాన్ని పొడిబట్టతో రుద్దితే స్థిర విద్యుత్తు చేరుతుంది. అందుకే ఇలాంటి చోట్ల తడిబట్టతోనే తుడవాలంటారు. సిలిండర్‌కు, దాన్ని బిగించిన ఫ్రేముకు ఎర్తింగ్ తప్పనిసరి.

వదిలిన గాలి ఎటు పోతోంది?

చాలామంది పట్టించుకోని విషయం ఇదే. సిలిండర్ వదిలే గాలి పక్కనే పేరుకున్న పిండినో, పొడినో లేపితే ధూళి మేఘం తయారవుతుంది. ఆ గాలిని గొట్టం ద్వారా బయటికి పంపాలి. ఒకవైపు గాలితో, మరోవైపు స్ప్రింగుతో పనిచేసే సిలిండర్ ఇంకో రకం. స్ప్రింగు ఉన్న గది ప్రతి కదలికకూ చుట్టూ ఉన్న గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలిలో గ్యాసు ఉంటే? దాని ఊపిరి రంధ్రానికీ గొట్టం తగిలించి సురక్షితమైన చోటికి తీసుకెళ్లాలి. కంప్రెసర్ గాలి పీల్చే చోటూ అలాంటిదే అయ్యుండాలి.

సిలిండర్‌కు కరెంటు లేకపోయినా, దానికి గాలి వదిలే సోలినాయిడ్ వాల్వుకు, రాడ్డు ఎక్కడుందో చెప్పే స్విచ్చికి ఉంటుంది. వీలైతే వాల్వును ప్రమాద ప్రాంతం బయటే పెట్టి, గొట్టం మాత్రం లోపలికి తేవడం మేలు. పెట్రోలు, గ్యాసు ఉండే చోట వాడే విద్యుత్ పరికరాలకు మన దేశంలో నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదం ఉండాలి.

గ్యాసు ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, అప్పుడప్పుడూ ఉండేది జోన్ 1, అరుదుగా ఉండేది జోన్ 2. ధూళికైతే 20, 21, 22. ఏ జోనుకు తగిన సిలిండర్ ఆ జోనుకే. ఐరోపాలో కరెంటు లేని యంత్రభాగాలకూ 2003 జులై 1 నుంచి ఈ లెక్క తప్పనిసరి అయింది. అక్కడి నిబంధనల ప్రకారం తయారైన వాటి మీద షట్కోణంలో ‘ఈఎక్స్’ గుర్తు ఉంటుంది. పక్కన ‘టి4’ అని ఉంటే పైభాగం వేడి 135 డిగ్రీలు దాటదని అర్థం.

అసలు చిక్కు రాత్రి షిఫ్టులో వస్తుంది. సిలిండర్ ఆగిపోతుంది. స్టోర్సులో సరిగ్గా అదే సైజుది ఉంటుంది, గుర్తు మాత్రం ఉండదు. పైనుంచి తొందర. పర్మిట్టు లేకుండా, గ్యాసు ఉందో లేదో పరీక్షించకుండా, గొట్టంలో గాలి పూర్తిగా వదలకుండా బిగించేస్తే ఆ పూటకు యంత్రం నడుస్తుంది. ఎన్నాళ్లు నడుస్తుందో, ఎవరి డ్యూటీలో ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా కార్మికులు పేలుళ్లలో ప్రాణాలు కోల్పోయారు. వాటికి గాలి సిలిండర్లు కారణమని కాదు. ద్రావకాల ఆవిర్లు, సన్నటి పొడులు ఉండే ఫ్యాక్టరీలు మన ఊళ్ల పక్కనే ఉన్నాయని, అందులో పనిచేసేది మన ఇళ్లవాళ్లేనని మర్చిపోకూడదు. అక్కడ ఫిట్టరుగానో, హెల్పరుగానో పనిచేసే కుర్రాడు స్పేరు చేతిలోకి తీసుకోగానే ‘‘ఇది ఈ జోనుకు పనికొస్తుందా సార్?’’ అని అడగాలి. సమాధానం వచ్చేదాకా స్పానరు పక్కన పెట్టే హక్కు అతనికుండాలి. ఆ ప్రశ్నను విసుక్కోకుండా వినడం పైవాళ్ల వంతు.