దుబాసీని మార్చేముందు

వృత్తిరీత్యా నేను అనువాదకుణ్ణి. నా బల్లమీది కంప్యూటరులోనూ ఇదే వృత్తివారు ఇద్దరున్నారు. ఒకరు కంపైలర్: ప్రోగ్రాం మొత్తాన్ని ముందుగానే యంత్రభాషలోకి అనువదించి ప్రతి చేతికిస్తాడు. రెండవవాడు పైథాన్: పక్కన నిలబడి అప్పటికప్పుడు చెప్పే దుబాసీ వంటివాడు.

పారిభాషిక పదాలను అకారాదిగా పేర్చే నా చిన్న ప్రోగ్రాముకు ఆమధ్య కొత్త పైథాన్ కావలసి వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరెందుకని, ముందు పాతదాన్ని తొలగించమని లినక్స్‌ను ఆదేశించాను. దానితోపాటు పోయేవాటి జాబితా తెరమీద బారులు తీరింది. "సమ్మతమేనా?" అని అడిగింది. అచ్చుప్రతులను అక్షరమక్షరం దిద్దే నేను, ఆ జాబితాను చదవకుండానే సమ్మతించాను.

మళ్ళీ తెరిచేసరికి నల్లని తెర, తెల్లని అక్షరాలు. అంతే. ఉబుంటులో వ్యవస్థకు చెందిన అనేక పనిముట్లు పైథాన్ మీదే ఆధారపడి ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆరు నెలలు శ్రమించిన నవలానువాదం లోపలే ఉంది. మరో ప్రతి లేదు.

ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు వచ్చి, ఆ నల్లని తెరమీదనే ఆదేశాలు టైపు చేసి, ముందుగా నవలను పెన్‌డ్రైవులోకి ఎక్కించాడు. పోయినవాటిని తిరిగి స్థాపించాక, "కొత్త కోడలు వచ్చిందని అత్తగారిని వెళ్ళగొడతామా, మామయ్యా?" అన్నాడు.

సరైన పద్ధతి వాడే చూపించాడు. పైథాన్ చాలావరకు సి భాషలో రాసినది; కనుక మూలం నుంచి తయారు చేసుకోవాలంటే ముందు కంపైలర్ ఉండాలి. "బిల్డ్-ఎసెన్షియల్" అనే ప్యాకేజీతో జీసీసీ కంపైలర్, "మేక్" పనిముట్టు వస్తాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వంటివాటి అభివృద్ధి ప్యాకేజీలనూ తెచ్చుకోవాలి. అది లోపిస్తే పైథాన్ తయారవుతుంది గాని, భద్రమైన వెబ్ చిరునామాలతో మాట్లాడలేదు. తర్వాత మూలాన్ని దించుకుని "కాన్ఫిగర్", ఆపైన "మేక్". చివర "మేక్ ఇన్‌స్టాల్" అనకుండా "మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్" అనాలి. అప్పుడు కొత్త పైథాన్ తన సంచిక సంఖ్యతో కూడిన పేరుతో వేరుగా కాపురం పెడుతుంది. పాతది తన పని తాను చేసుకుపోతుంది.

జీసీసీ కథ మరింత ముచ్చటైనది. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో దీని తొలి ప్రతిని వెలువరించారు. దీన్ని మూలం నుంచి నిర్మించేటప్పుడు సాధారణంగా మూడు దశలు నడుస్తాయి. కొత్త కంపైలరును మొదట పాత కంపైలరే అనువదిస్తుంది. అలా పుట్టినది తన మూలాన్ని తానే తిరిగి అనువదిస్తుంది. ఆ ఫలితం మరొకమారు అదే పని చేస్తుంది. రెండవ, మూడవ దశల ఫలితాలు సరిపోలాలి; లేకుంటే ఎక్కడో దోషమున్నట్లే.

నా అనువాదాలకు ఇంతటి పరీక్ష ఎన్నడూ జరగలేదు. పాతవాడు చేయి పట్టుకోనిదే కొత్తవాడు పుట్టడని తెలిశాక, తొలగింపు జాబితా కనబడితే కళ్ళజోడు తుడుచుకుని మరీ చదువుతున్నాను. నవలకు ఇప్పుడు రెండు ప్రతులున్నాయి.