అయ్యగారూ, ఇప్పుడేం చదువుతున్నారు?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంటర్ చదివే ఒక అమ్మాయి గుమ్మంలో చెప్పుల దగ్గర ఆగి, "అయ్యగారూ, బైబిలు కాకుండా మీరు ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడిగింది. అడగకూడనిది అడిగానేమో అన్నట్టు వెంటనే వాళ్ళమ్మ వైపు చూసింది. ఆ చూపు వారమంతా మా మనసులోంచి పోలేదు. ఆ బిడ్డకు ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు. మా ప్రసంగాల నుంచే వచ్చింది.

కాబట్టి ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాం. "మేము" అంటే మేమూ, అమ్మగారూ. మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే పుస్తకం. రాత్రి అన్నాలయ్యాక ఒకరు పైకి చదువుతుంటే ఒకరు మర్నాటి బియ్యం ఏరుతుంటారు. ఎవరికి ఏ పని అనేది, ఆ పూట కళ్ళజోడు ముందు ఎవరికి దొరికిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్నది గుర్రం జాషువా గారి 'గబ్బిలం'. దాని గురించి చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

పన్నెండేళ్ళ కిందట మన సంఘంలోని ఒక కుర్రవాడు, అప్పుడు డిగ్రీలో ఉన్నాడు, ఈ పుస్తకాన్ని న్యూస్ పేపర్ అట్ట వేసుకుని మా ఇంటికి తెచ్చాడు. "అయ్యగారూ, ఇది మన గురించే రాశారు. చదివారా?" అన్నాడు. మేము నాలుగు పేజీలు తిప్పాం. కాశీ విశ్వనాథుడి పేరు కనబడింది. పుస్తకం మూసి అతని చేతిలో పెట్టి, "శివుడికి పంపే సందేశాలు మనకెందుకు నాన్నా? ఆ టైమేదో వాక్యానికి ఇవ్వు" అన్నాం. "సరే అయ్యగారూ" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు మేము. ఆ ఆదివారమే నవలలూ కావ్యాలూ కాలక్షేపపు సరుకు అని ప్రసంగం కూడా చేశాం. ఆ కుర్రవాడు మందిరానికి రావడం మానలేదు, పాటలు పాడటం మానలేదు. ఇంకో పుస్తకం మాత్రం మా దగ్గరికి తేలేదు. తర్వాత ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిపోయాడు.

పోయిన ఏడాది అపొస్తలుల కార్యములు పదిహేడో అధ్యాయం మీద ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నాం. ఏథెన్సులో పౌలు అరేయొపగు మధ్య నిలబడి మాట్లాడుతూ, మీ కవీశ్వరులు కూడా ఇలా అన్నారు కదా అని ఒక మాట ఎత్తుతాడు. ఎన్నోసార్లు చదివాం, బోధించాం. ఆ కవి ఎవరని ఎప్పుడూ ఆలోచించలేదు. వ్యాఖ్యాన గ్రంథం తీసి చూస్తే ఆయన పేరు అరాటస్ అని ఉంది. పౌలు పుట్టిన కిలికియ దేశం వాడే. నక్షత్రాల గురించి పద్యకావ్యం రాశాడు. పౌలు ఎత్తిన ఆ మాట ఆ కావ్యం మొదట్లోనే ఉంది. అక్కడ కవి పొగుడుతున్నది ఎవరినంటే, గ్రీకుల పెద్ద దేవుడిని. మన తెలుగు బైబిల్లో ద్యుపతి అని ఉన్నది ఆయనే.

ఇక్కడ మేము ఆగిపోయాం. లుస్త్రలో జనం బర్నబాను ద్యుపతి అని పిలిచి ఎడ్లనూ పూలదండలనూ తెస్తే బట్టలు చింపుకున్న పౌలు ఈయనే. మూడు అధ్యాయాలు తిరిగేసరికి, అదే ద్యుపతి మీద కట్టిన కావ్యంలోంచి ఒక పాదం నోటికి చెబుతున్నాడు. నోటికి వచ్చిందంటే చదివినట్టే కదా, లేదా ఎవరో చదువుతుంటే శ్రద్ధగా విన్నట్టే కదా! ఆరాధించడం వేరు, చదవడం వేరు అని ఆయనకు తెలిసింది. మాకు తెలియలేదు. ఆ ప్రసంగం చెప్పాం గానీ, ఆ కుర్రవాడి ముఖమే కళ్ళ ముందు ఉంది.

తర్వాత ఫోన్ చేశాం. "నాన్నా, గబ్బిలం చదువుదామనుకుంటున్నాం. ఆ రోజు నిన్ను తప్పుగా ఆపేశాం" అన్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాలుగు రోజులకు అప్పటి పుస్తకమే కొరియర్లో వచ్చింది. అదే న్యూస్ పేపర్ అట్ట, లోపల పెన్సిల్ గీతలు.

తెలియనివాళ్ళకు చెబుతాం. జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. క్రైస్తవ కుటుంబం. బతుకుతెరువు కోసం రాజమండ్రిలో మాటల్లేని సినిమాలకు వాచకుడిగా కూడా పనిచేశారు, అంటే తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథ చదివి చెప్పడం. తర్వాత గుంటూరులో పంతులుగా ఉన్నారు. క్రైస్తవుడై ఉండి పురాణాలూ కావ్యాలూ చదువుతున్నాడని మనవాళ్ళు ఆయన మీద మండిపడ్డారు. అంటరానివాడు పద్యం రాయడమేమిటని అవతలివాళ్ళు ఈసడించారు. ఇద్దరి మధ్య నిలబడి 1941లో 'గబ్బిలం' ఇచ్చారు. తర్వాత ఆయన రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన మందిరాల్లో ఆ పుస్తకం ఉన్నచోటు మేమైతే ఒక్కటీ చూడలేదు. పన్నెండేళ్ళ క్రితం మేము ఆ కుర్రవాడితో అన్న మాటే, జాషువా గారితో ఎంతమంది పాస్టర్లు అని ఉంటారో!

కథ చిన్నది. ఆకలితో ఉన్న ఒక పేదవాడు, గుడి గడప తొక్కే హక్కు లేనివాడు, రాత్రి తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని చూసి నా బాధ వెళ్ళి శివుడికి చెప్పమంటాడు. ఎందుకు గబ్బిలం? దాన్ని గుడిలో ఎవరూ ఆపరు కాబట్టి. దేవుడి చెవి దగ్గర వేలాడే చనువు దానికుంది, మనిషికి లేదు. దీన్ని శివుడి పుస్తకం అని మేము మూసేశాం! పద్యాలు కొంచెం కష్టమే, దాచుకోవడం ఎందుకు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగైదు పద్యాలే అవుతున్నాయి. పైకి చదివితే సగం అర్థం చెవే చెబుతుంది.

సంఘ పెద్దల్లో ఒకాయన, "బైబిలు చాలదా అయ్యగారూ?" అన్నారు. రక్షణకు చాలు, అందులో మాకు సందేహం లేదు. కానీ పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర చూడండి. చెరలో ఉన్నాడు, చలికాలం వస్తోంది, మరణం దగ్గర పడిందని ఆయనకే తెలుసు. అప్పుడు అడిగింది ఏమిటి? త్రోయలో కర్పు ఇంట్లో వదిలేసిన అంగీ, దాంతోపాటు పుస్తకాలు. అవి ఏ పుస్తకాలో ఆయన రాయలేదు. మేము ఊహించి చెప్పము కూడా. చలికి అంగీ ఎంత అవసరమో అవీ అంత అవసరమయ్యాయి, అంతే.

అన్ని పుస్తకాలూ మంచివని మేము అనడం లేదు. ప్రభువు రాకడకు తేదీ కట్టి అమ్మే పుస్తకాలు మన మధ్య తిరుగుతున్నాయి. వాటికంటే ఆ కుర్రవాడి పెన్సిల్ గీతలు వెయ్యి రెట్లు మేలు.

ఇక గురువారాల సంగతి. స్త్రీల కూడిక అయ్యాక వేపచెట్టు కింద అరగంట కూర్చునే వాళ్ళకు అమ్మగారు సత్యం శంకరమంచి గారి 'అమరావతి కథలు' చదవడం మొదలుపెట్టారు. మందిరంలో కాదు, చెట్టు కిందే. పెద్దల మాట కూడా కొంత నిలపాలి గదా. మన తల్లుల్లో చాలామందికి చదువు రాదు. ఐతియొపీయుడు రథంలో యెషయా గ్రంథం చదువుతుంటే ఫిలిప్పు విన్నాడని ఉంది, అంటే ఆయన పైకే చదువుకుంటున్నాడన్నమాట. పైకి చదివితే పక్కన నడిచేవాడు కూడా వచ్చి రథం ఎక్కుతాడు.

ఇవి నూరు కథలు, ఒక్కొక్కటి మూడు నాలుగు పేజీలు. మొదటి కథ 'వరద'. కృష్ణ పొంగి ఊరు మునిగితే ఆకలి ముందు కులం ఓడిపోతుంది, పెద్ద కులం ముసలాయన అంటరానివాడి చేతి అన్నం తింటాడు. నీళ్ళు తీశాక ఏమైందన్నది కథలోనే వినండి. అమ్మగారు చదవడం ఆపగానే, డెబ్బై దాటిన మన తల్లి ఒకామె, దివిసీమ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చినామె, "మాకూ అంతేనమ్మా" అంది. 1977 నవంబరు ఉప్పెన తర్వాత గంజి కేంద్రం దగ్గర అన్ని కులాలవాళ్ళూ ఒకే డేగిసాలోది తాగారట. "నెల తిరక్కుండానే ఎవరి బావి వాళ్ళదే" అంది. నలభై ఏళ్ళకు పైగా మన మధ్య ఉన్న మనిషి. ఉప్పెనలో తన వాళ్ళు పోయారని తెలుసు గానీ, ఈ మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. మా ప్రసంగాలు అడగని ప్రశ్న ఆ కథ అడిగింది.

సండే స్కూల్ పిల్లలకు 'రైలుబడి' చదువుతున్నాం. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం రాసుకున్న పుస్తకం. జపానులో 1981లో వచ్చింది, తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులు. అల్లరిదని ఒక బడిలోంచి పంపేసిన పిల్లను కొత్త హెడ్మాస్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమని నాలుగు గంటలు వింటాడు. మా మూడో తరగతి బుడతడు ఒకడు "నాలుగు గంటలా అయ్యగారూ!" అని నోరు తెరిచాడు. మేము తల దించుకున్నాం. అమ్మలూ నాన్నలూ, పిల్లలకు ఒక్క పుస్తకమే కొనగలిగితే ఇది కొనండి.

బన్యన్ 'యాత్రికుని ప్రయాణము' గురించి అడిగేవాళ్ళకు: మా దగ్గర ఉన్నదానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, అయినా ఇస్తాం. జాగ్రత్తగా తిప్పండి.

కొనే స్తోమత లేదంటారా? మండలంలో శాఖా గ్రంథాలయం ఉంది. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు కూడా ఉంటుంది, రసీదు తీసి చూసుకోండి. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పించారు, రేవు రేవుకూ ఆపి ఇచ్చేవారు. మనకు పడవ అక్కర్లేదు, ఆటో ఎక్కితే చాలు.

వచ్చే ఆదివారం నుంచి చెప్పుల పక్కన బల్ల మీద మా పుస్తకాలు కొన్ని పెడతాం. తీసుకునేవాళ్ళు నోటుబుక్కులో పేరు రాయండి. మీరు చదువుతున్నవి కూడా తెచ్చి పెట్టండి, ఏ పుస్తకమైనా సరే, అట్ట వేసి దాచి తేవద్దు. మొదటి పేరు ఆ ఇంటర్ అమ్మాయిది మేమే రాసేశాం, ఆమెకు 'గబ్బిలం' మా చదువు కాగానే. గురువారం రెండో కథ, సాయంత్రం నాలుగున్నరకు. కళ్ళజోడు అమ్మగారి దగ్గరే ఉంటుంది.