అడిగినదే అడిగి...

గత నెల మా అమ్మాయి ఉపకారవేతనానికి అంతర్జాలంలో దరఖాస్తు నింపాను. పిన్‌కోడు 563122 అని వ్రాసినా రాష్ట్రం, జిల్లా, తాలూకా, ఊరు మళ్ళీ అడిగారు. శాశ్వత చిరునామా పేరిట అవే వివరాలు రెండవసారి వ్రాయించారు. చివరకు, పాత పత్రంలో బంగారపేట తాలూకా, దరఖాస్తులో కె.జి.ఎఫ్. తాలూకా ఉన్నాయని తిప్పి పంపారు. గడువు మూడు రోజులే మిగిలింది.

ఒకే పేరు గల ఊళ్ళు, చిరునామాలు వ్రాసే పలు భాషలు తపాలా సిబ్బందిని తికమకపెట్టేవి. ఆ చిక్కు తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. 563 అనగానే కోలారు వైపు. ఆరంకెలూ చూస్తే రాబర్ట్‌సన్‌పేట. తాలూకా మారినా అంకె మారలేదు. తెలుగులో చిరునామా వ్రాసిన ఉత్తరాలకూ ఆ అంకెలే దారి చూపాయి.

ఒకే పిన్‌కోడు క్రింద పలు గ్రామాలుంటాయి గనుక ఊరి పేరు అడగడం న్యాయమే. జిల్లా, రాష్ట్రం కూడా మనచేతనే వ్రాయించడమెందుకు? అడిగిన కొద్దీ తప్పులు పెరుగుతాయి. ఆ తప్పుల భారం పేద విద్యార్థిపై పడుతుంది.

అంకెతో తెలిసేవి యంత్రమే నింపాలి. తక్కిన ప్రశ్నలు తెలుగులోనూ ఉండాలి. మా చిరునామా రెండుసార్లు అడిగిన ఆ దరఖాస్తు, మా భాషలో ఒక్క ప్రశ్నయినా అడగలేదు!