దేశాంతర విశేషములు: జపానులో అతిథికి గల పనులు

టోకియోలో ఉద్యోగము చేయుచున్న కుమార్తెను చూచుటకై పదునైదు దినములు పోనున్న సోదరి యొకతె మాకు జాబు వ్రాసినది. ఫ్యూజీ పర్వతమును, వసంతమున పూచిన చెట్లను అందరును చూచి ఛాయాచిత్రములు తెచ్చుచున్నారట. తనకు మాత్రము చిరకాలము జ్ఞాపకముండునట్టి పని యేదైన అక్కడ చేయవలయునని కోరికయట. ఆమెకు మోకాళ్ల నొప్పి కలదు; చేప, మాంసము ముట్టదు. ఇట్టి సందేహములు మరికొందరు సోదరీమణులకును ఉండవచ్చును గావున ఇక్కడనే ప్రత్యుత్తర మిచ్చుచున్నాము.

ఏమి చూడవలయునని యడుగక ఏమి చేయవలయునని ఆమె యడుగుట మాకు సంతోషము కలిగించినది. జపానీయుల గృహాచారములు కంటికంటె చేతికే చక్కగ తెలియును. అక్కడ అతిథి యనగా పీటపై కూర్చుండి మర్యాదలు పొందుట మాత్రమే కాదు. ఇంటివారికెంత పని కలదో అతిథికిని ఇంచుమించుగ నంత పని కలదు.

ముందుగా తేనీటి విందు చూడుడు. దీనిని వారు చానోయు అందురు. దీనికి నేటి రూపము నిచ్చినవారిలో ముఖ్యుడు సెన్ నో రిక్యూ (1522–1591). ఆతని వంశమువారి మూడు సంప్రదాయములు నేటికిని క్యోటో నగరమున వర్ధిల్లుచున్నవి. పచ్చని తేయాకు పొడిని గిన్నెలో వేసి, వేడినీరు పోసి, వెదురుతో చేసిన చిన్న కవ్వముతో నురుగు వచ్చునట్లు చిలికి యిత్తురు. పాలు లేవు, పంచదార లేదు, చేదుగ నుండును. అందుచేత ముందుగా మిఠాయి పెట్టుదురు. అది తరచుగ అజుకి యను ఎర్రని గింజలతో చేసినదై, మన బొబ్బట్లలోని పూర్ణమును జ్ఞప్తికి తెచ్చును. తేనీరు వచ్చుటకు ముందే దానిని తినివేయవలయును గాని మధ్యమధ్య నంజుకొనరాదు.

పాత పద్ధతి గదికి ద్వారము రెండడుగులకు కొంచె మెక్కువ యెత్తు మాత్రమే యుండును. ఎంతటి ప్రభువైనను కత్తి వెలుపలనుంచి, మోకాళ్లపై ప్రాకి లోనికి రావలసినదే. అంతకుముందు తోటలోని రాతి తొట్టికడ వంగి చేతులును నోరును కడుగుకొనవలయును. ఉంగరములు, గడియారము ముందే తీసి యుంచుట మంచిది. ఆ గిన్నెలలో కొన్ని తరతరములనుండి వచ్చినవి, గీతపడరాదు. గాజులు పైకి త్రోసికొనుడు. గిన్నె తనయెదుటికి రాగానే ప్రక్కనున్న అతిథికి వంగి, "మీకంటె ముందుగా" అని క్షమాపణ చెప్పుకొనవలయును. గిన్నెలో అందమైన ముఖభాగము మనవైపున కుంచి యిత్తురు. ఆ ముఖముపై పెదవి మోపుట అవినయము గనుక, గిన్నెను కొంచెము త్రిప్పి త్రాగి, అంచును వ్రేళ్లతో తుడిచి, మరల త్రిప్పి క్రింద నుంచి, వంగి దాని పనితనమును చూడవలయును. చివరి గ్రుక్క చప్పుడగునట్లు పీల్చిననే త్రాగుట ముగిసినట్లు. మన పెద్దలు కసరుకొను పని అక్కడ మర్యాద!

ఎంగిలి మాట తప్పక వచ్చును. పెద్ద విందులలో చిక్కని తేనీటిని ఒకే గిన్నెలో నుంచి అతిథులందరును వరుసగ త్రాగు పద్ధతి కలదు. యాత్రికుల కిచ్చునది సాధారణముగ పలుచనిది, ఎవరి గిన్నె వారిదే, భయపడ నక్కరలేదు. మోకాళ్లకును ఉపాయమున్నది. 1872లో క్యోటోలో ప్రదర్శనము జరిగినప్పుడు, విదేశీయులు నేలపై కూర్చుండజాలరని ఉరాసెన్కె సంప్రదాయపు పెద్ద బల్లలు, ఆసనములు గల పద్ధతిని కల్పించెను. "ర్యూరేయి" యని యడిగిన చాలును.

ఈ విద్య బహుకాలము పురుషులచేతిలో నుండెను. మెయిజీ కాలమున (1868–1912) బాలికా పాఠశాలలలో ప్రవేశించెను. నేడు అభ్యసించువారిలో స్త్రీలే యధికులు. ఆడుపిల్లలకు అణకువ నేర్పుటకే దీనిని పెట్టిరని కొందరందురు. అది కొంత నిజమే కావచ్చును. కాని నీజిమా యాయె (1845–1932) చరిత్రము చూడుడు. 1868లో ఐజు కోట ముట్టడిలో ఆమె తుపాకి పట్టి పోరాడినది. తరువాత రెండు యుద్ధములలో గాయపడినవారికి ఉపచారము చేసినది. భర్త పోయిన పిమ్మట క్యోటోలో తేనీటి విద్యకు ఉపాధ్యాయినియైనది. అట్టి చేతికి వెదురు కవ్వము అణకువ నేర్పుటకు వచ్చినదని మేము నమ్మజాలము.

కిమోనోను అద్దెకు తీసికొని వీధులలో తిరుగుట ఇప్పుడు పరిపాటి. తప్పు లేదు గాని, తిరుగుటకంటె కట్టించుకొనుటయే మనకు ముచ్చట. ఒక్క బొత్తాము లేక త్రాళ్లతోడను నడికట్టుతోడను అంత వస్త్రమును నిలుపు నేర్పు, చీర కుచ్చిళ్లు పోసికొను మనకు వెంటనే బోధపడును. ఎడమ అంచు కుడి అంచుపైకి రావలయును సుమా! కుడి అంచు పైకి వచ్చునట్లు చుట్టుట శవమునకు మాత్రమే. బసలో నిచ్చు యుకాతాకును ఇదే నియమము.

స్నానశాల సంగతి వ్రాయుటకు సంకోచముగ నున్నను వ్రాయక తప్పదు. ఊటనీటి స్నానశాలలను ఒన్సెన్ అందురు. స్త్రీలకును పురుషులకును వేరువేరు గదు లుండును. లోపల నెవ్వరును వస్త్రము ధరింపరు. చిన్న పీటపై కూర్చుండి శరీరమంతయు రుద్దుకొని, సబ్బు నురుగు పూర్తిగ పోవునట్లు కడుగుకొని, ఆ పిమ్మటనే వేడినీటి తొట్టిలో దిగవలయును. తొట్టి నానుటకే గాని తోముకొనుటకు గాదు. తలవెండ్రుకలు ముడిచి, తుండుగుడ్డ నీటికి తగులకుండ చూచుకొనవలయును. అమ్మమ్మలు, తల్లులు, పసిపిల్లలు ఒక్కచోట నానుచు మాటలాడుకొందురు. ఎవ్వరును ఒకరి నొకరు పరకాయించి చూడరు. అయినను మనసొప్పనివారు "కాషికిరి" యని యడిగినచో, కొంతసేపు తమకే ప్రత్యేకముగ నిచ్చు గది పలుచోట్ల దొరకును. తల్లియు కుమార్తెయు కలసి పోవుట కదియే మేలు. షికోకు ద్వీపమున మత్సుయామలోని దోగో స్నానశాల 1894లో కట్టిన మూడంతస్తుల కొయ్య మందిరము. 2024లో మరమ్మతులు ముగించుకొన్నది. రక్తపు పోటు, గుండె జబ్బు గలవారు వైద్యుని యనుమతి లేనిదే అంత వేడినీటిలో దిగరాదు.

ఇక భోజనము. కూర శాకమే యైనను, చారులోనో పులుసులోనో తరచుగ చేప యుండును. ఉడికించి, పొగబెట్టి, కట్టెవలె గట్టిపడువరకు ఎండించిన చేపను రేకులుగ చిత్రికపట్టి, ఆ రేకులతో కాచిన నీటినే అనేక వంటలకు మూలముగ వాడుదురు. చేప కంటికి కనబడదు గావున శాకాహారులు మోసపోవుదురు. ఈ చిక్కు లేని యన్నము కావలసినచో కోయా పర్వతమునకు పోవలయును. ఒసాకానుండి రైలులోను, పిమ్మట కొండపైకి లాగు బండిలోను పోవచ్చును. 816లో చక్రవర్తి యనుమతి పొంది కూకై యను భిక్షువు నెలకొల్పిన క్షేత్రమది. అక్కడ ఏబదికి పైగా దేవాలయములు యాత్రికులకు బస యిచ్చుచున్నవి. షోజిన్ అను వారి వంటలో మాంసము, చేప, ఉల్లి, వెల్లుల్లి యుండవు. సముద్రపు నాచును, ఎండు పుట్టగొడుగులను నానవేసిన నీరే పులుసునకు ఆధారము. నువ్వుల పాలతో గడ్డకట్టించిన ముద్దయు, చలిలో గడ్డకట్టించి ఎండించిన సోయా జున్నును అక్కడి ప్రత్యేకములు. బస కుదుర్చుకొనునప్పుడే పాలు, గ్రుడ్డు సంగతియు తెలిపి యుంచుడు.

తెల్లవారుజామున అర్చన జరుగును. అతిథులు పోయి కూర్చుండవచ్చును. కొన్ని ఆలయములలో అగ్నిలో సమిధలు వేసి మంత్రములు పఠింతురు. దానిపేరు గొమా, మన హోమమే భిక్షువులవెంట చీనాకును, అక్కడనుండి జపానుకును పోయి ఆ పేరు ధరించినది. పెద్ద దేవదారులనడుమ రెండు కిలోమీటర్ల బాటపొడవున నున్న సమాధిరాళ్లపై సంస్కృతాక్షరములు చెక్కబడి యున్నవి. ఆ లిపి మనదేశమున వాడుక తప్పి వందల యేండ్లయినది. అక్కడ నేటికిని వ్రాయుచున్నారు.

మోకాళ్లు సహకరింపనివారికి అక్కడ మరియొక పని కలదు. ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రమును చీనా అక్షరములలో, సన్నని కాగితముక్రింద ప్రతి నుంచి, కుంచెతో దిద్దుట. రెండువందల అరువదికి పైబడిన అక్షరములు. ఒక గంట పట్టును. చదువ రాకున్నను ఫరవాలేదు, చివరనున్న మంత్రము సంస్కృతపు ధ్వనులే. దిద్దిన కాగితమును ఆలయమునకే సమర్పింతురు. చివరి పంక్తిలో పేరును, కోరికయు వ్రాయుటకు చోటుండును. మా సోదరి దానిని తెలుగులోనే వ్రాయవలయునని మా కోరిక.