ఎలుగుబంటికి ప్రసాదం పెట్టకండి

రాయ్‌పూర్ నుంచి తూర్పుగా జాతీయ రహదారి మీద వెళ్తే మందిర్ హసౌద్ వస్తుంది. సెలవు రోజున జంతువులను చూద్దామని బస్సు మాట్లాడుకుని బయల్దేరిన బృందానికి అక్కడ రెండు దారులు. దక్షిణానికి మళ్లితే నవ రాయ్‌పూర్‌లోని నందన్‌వన్ జంగిల్ సఫారీ. అదే రహదారిలో ఆరంగ్ దాటి, మహాసముంద్ మీదుగా సాగితే బాగ్‌బాహరా దగ్గర ఘుంచాపాలి చండీమాత గుడి. సాయంత్రమయ్యేసరికి అడవి ఎలుగుబంట్లు ఆ గుడి ముంగిటికే వస్తాయి. భక్తులు వాటికి తమ చేతులతో ప్రసాదం తినిపిస్తారు.

ఫోన్లలో వీడియో చూసినవాళ్ల మనసు గుడి వైపే లాగుతుంది. పిల్లలనూ పెద్దలనూ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఎంచుకోవలసింది మాత్రం సఫారీనే.

2016 నవంబరు 1న ప్రధాని మోదీ ప్రారంభించిన ఈ సఫారీ విస్తీర్ణం సుమారు 800 ఎకరాలు. అందులో 130 ఎకరాలు ఖండ్వా జలాశయం. జింకలు, దుప్పులు, కణుజుల వంటి శాకాహారులకు ఒక ఆవరణ, ఎలుగుబంట్లకు, పులులకు, సింహాలకు తలా ఒకటి. ఇక్కడ జంతువు ఆరుబయట తిరుగుతుంది, మనిషి బస్సులో కూర్చుంటాడు. ఒక్కోసారి పులి పొద నీడలో పడుకుని తోక కూడా కదపదు. డబ్బులు పెట్టి వచ్చాం కదా అని పిల్లలు కిటికీ బాదుతారు, పెద్దలు ఈల వేస్తారు. జూలో జంతువులను ఆటపట్టించడం, మేత పెట్టడం, చప్పుళ్లతో బెదరగొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ ప్రకారం నేరం. బస్సెక్కక ముందే ఆ మాట పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత బృందాన్ని నడిపించే టీచరుదో, సంఘం పెద్దదో.

గుడి దగ్గరి ఎలుగుబంట్లు అమ్మవారి భక్తులని జనం నమ్మకం. ఆ నమ్మకంలో ప్రేమ ఉంది, కాదనలేం. కానీ ఎలుగుబంటి చూపు మందం, వాసన పట్టడంలో దిట్ట. ఉలిక్కిపడితే పారిపోవడానికి బదులు మీద పడుతుంది. చెదపుట్టలు తవ్వే దాని గోళ్లు మనిషి ముఖానికి తగిలితే ఏమవుతుందో ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెలకు బాగా తెలుసు. ఇప్పపూల కాలంలో తెల్లవారుజామున ఏరుకోవడానికి వెళ్లినవాళ్లు దానికి ఎదురుపడి గాయపడుతుంటారు. మనిషి చేతిలో తీపి ఉంటుందని నేర్చుకున్న ఎలుగు, ఆ చెయ్యి ఖాళీగా కనిపించిన రోజున ఏం చేస్తుంది?

తెలుగువాళ్లకు ఈ చనువు కొత్త కాదు. ఒకప్పుడు ఊళ్లోకి గుడ్డెలుగును ఆడించేవాడు వస్తే, భయం పోతుందని పిల్లలను దాని వీపు మీద ఎక్కించేవారు, వెంట్రుకలతో తాయెత్తు కట్టించేవారు. దాని మూతికి గుచ్చిన తాడు సంగతి ఎవరూ ఆలోచించలేదు. పునరావాస కేంద్రాల చొరవతో 2009 నాటికి ఆ ఆట దేశంలో దాదాపు ముగిసింది. ఎలుగుబంట్లకు దక్కిన పెద్ద విడుదల అది.

అలవాటు రక్షణ కాదని మన జూలే చూపించాయి. 2023 నవంబరులో విశాఖ ఇందిరాగాంధీ జూలో హిమాలయన్ నల్ల ఎలుగుబంటి దాడిలో ఒక జంతు సంరక్షకుడు ప్రాణాలు కోల్పోయాడు. జంతువుల మధ్యే పనిచేసే మనిషికే ఆ ప్రమాదం తప్పలేదు. 2024 ఫిబ్రవరి 15న తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూలో సింహం ఆవరణలోకి దూకిన సందర్శకుడు దాని నోట చిక్కి చనిపోయాడు. ఇలాంటి ప్రతి ఘటన తర్వాతా జంతువును క్రూరమృగం అంటాం. అది తన చోటనే ఉంది, దాటి వెళ్లింది మనిషి.

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో, రాయ్‌పూర్ రైల్వేలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ కార్తీకంలో వనభోజనాలకు అటు వెళ్లే సంఘాలు ఒక పని చేయవచ్చు. 2025 మార్చి 30న మందిర్ హసౌద్ మీదుగా రాయ్‌పూర్-అభన్‌పూర్ మెమూ రైలు మొదలైంది. నవ రాయ్‌పూర్ దాకా దానిలో వెళ్లి, అక్కడి నుంచి సఫారీకి బండి మాట్లాడుకోవచ్చు. తినుబండారాలు సంచీలోనే ఉంచి, రెండు బైనాక్యులర్లు తెచ్చి పిల్లల చేతికివ్వండి. చండీమాత దర్శనానికి వెళ్లినవాళ్లు అమ్మవారికి నైవేద్యం పెట్టి, ఎలుగుబంట్లు రాకముందే వెనుదిరగండి. అటవీశాఖ కూడా అక్కడ చేతితో తినిపించడాన్ని ఆపించి, భక్తులకూ ఎలుగులకూ మధ్య గట్టి కంచె వేయాలి.